బాపు అడగని తురుపు

మా మేనత్త బాలమణికి కంట్లో శుక్లం తీశారని తెలిసి మొన్న బడంగ్‌పేట్ వెళ్ళాను. అత్త తన కూతురింట్లో ఉంటుంది. వెళ్ళేసరికి నల్లద్దాలు పెట్టుకుని, మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పేకముక్కలు పోసుకుని ఒక్కొక్కదాన్నే వేళ్ళతో తడుముతోంది. కంటికి పని చెప్పొద్దన్నారు కదా అంటే, "చూస్తలేను బిడ్డా, పట్టుకుంటున్న, గంతే" అంది. నేను పక్కనే కుర్చీ లాక్కున్నాను. కూర్చున్నానే గానీ నిలకడ లేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను, మంచినీళ్ళు తాగాను, మళ్ళీ కూర్చున్నాను. ఆమెను ఒక మాట అడగాలని నలభై ఏళ్ళకు పైగా అనుకుంటున్నాను. పెళ్ళిళ్ళలో కలిశాం, చావుల్లో కలిశాం, పక్కపక్కన పడుకున్నాం, అడగలేకపోయాను. బాపును అడుగుదామనుకుంటూ ఉండగానే బాపు వెళ్ళిపోయాడు. ఇక అత్త కూడా... అన్న ఆలోచన కారెక్కినప్పటి నుంచీ నన్ను తరుముతూనే ఉంది.

అప్పటి మా ఇల్లు శంషాబాద్ దాటాక పాల్మాకుల దగ్గర. ఇల్లంతా కొత్తిమీర వాసన. బాపు రెండెకరాల్లో ఆకుకూరలు వేసేవాడు. తెల్లారే బండికి సరుకు వెళ్ళాలి కాబట్టి మధ్యాహ్నం పూట వసారాలో అందరం కట్టలు కట్టేవాళ్ళం. అమ్మ తడి గోనెసంచి పరిచేది, బాపు జనుపనార పోగులు తుంచి పళ్ళ మధ్య పెట్టుకునేవాడు, నేను లెక్క తప్పేదాన్ని. పని ఎండ దిగేలోపు అయిపోయేది. అది అయ్యాక, పొద్దుగూకి గేదెలు ఇంటికొచ్చే వరకూ మధ్యలో గంటన్నర ఖాళీ. ఆ గంటన్నరలో మా ఇంట్లో పేకాట జరిగేది. డబ్బు పెట్టి కాదు, చింతగింజలతో. అయినా ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కలు పట్టే ఇల్లు మాదొక్కటే. అమ్మకు అది పెద్ద నామోషీ. ఆట మొదలుకాగానే వసారా తలుపు దగ్గరగా వేసి, చాటలో బియ్యం పోసుకుని తలుపుకు అడ్డంగా కూర్చునేది.

ఆ ఆటను మా ఇంటికి తెచ్చింది అత్త. అత్తకు నేర్పింది ఆమె భర్త నర్సింలు మామ. మామ లారీ డ్రైవరు. బెంగుళూరు మీదుగా కేరళ దాకా వెళ్ళేవాడు. అక్కడి డ్రైవర్లు లోడు కోసం రోజుల తరబడి ఆగినప్పుడు ఆడే ఆట అది, పేరు ఇరవై ఎనిమిది. పెళ్ళైన కొత్తలో మామ ఈ ఆటే నేర్పాడట. తర్వాత ఒక ట్రిప్పుకని వెళ్ళి తిరిగి రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. అత్తింట్లో ఆరు నెలలు ఎదురు చూసి, ఒక ట్రంకుపెట్టె, డీజిలు వాసన కొట్టే ఒక పేకకట్ట పట్టుకుని అత్త మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడో ఇరవై నాలుగో. నాకు పద్నాలుగు. ఆమె ఒకచోట నిలిచేది కాదు. కట్ట కడుతూ లేచేది, అన్నం తింటూ లేచేది. మా ఇంటికి రోడ్డు ఎంత దూరమో, ఏ లారీ ఏ హారన్ కొడుతుందో ఆమెకు తెలుసు. ఆటలో ఉండగా హారన్ వినబడితే చేతిలో ముక్కలు గుండెకానించుకుని తల అటు తిప్పేది. ఆమె మళ్ళీ ఆటలోకి వచ్చే వరకూ ఎవరమూ ముక్క వేసేవాళ్ళం కాదు.

ఆట సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ రోజు ఏం జరిగిందో అర్థం కాదు. నలుగురు ఆడాలి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జట్టు. పేకలో రెండు నుంచి ఆరు దాకా తీసి పక్కన పెడితే ముప్ఫై రెండు ముక్కలు మిగులుతాయి. ఇందులో రాజుకూ రాణికీ విలువ లేదు. జాకీ అన్నిటికన్నా పెద్దది, దానికి మూడు పాయింట్లు. తర్వాత తొమ్మిదికి రెండు, ఆసుకు ఒకటి, పదికి ఒకటి. నాలుగు రంగులవీ కలిపితే ఇరవై ఎనిమిది, అదే ఆట పేరు. మొదట మనిషికి నాలుగే ముక్కలు పంచుతారు. సగం చెయ్యి చూసుకుని పాట పాడాలి, అంటే ఇన్ని పాయింట్లు మా జట్టు తెస్తుందని ఒప్పుకోవాలి. పాట పద్నాలుగు నుంచి మొదలు. అందరికన్నా ఎక్కువ పాడినవాళ్ళు తమ చేతిలోంచి ఒక ముక్క తీసి బోర్లా పెడతారు. ఆ ముక్క రంగే తురుపు. అదేమిటో పెట్టినవాళ్ళకు తప్ప ఎదురుగా కూర్చున్న తమ జట్టు మనిషికి కూడా తెలియదు. అప్పుడు మిగతా నాలుగు ముక్కలు పంచుతారు. ఒకరు ఏ రంగు వేస్తే మిగతావాళ్ళూ అదే రంగు వెయ్యాలి. నాలుగింటిలో పెద్దది వేసినవాళ్ళది ఆ పట్టు. ఆ రంగు మన చేతిలో లేకపోతే "తురుపు చూపించు" అని అడగొచ్చు. బోర్లా పెట్టిన ముక్క తిప్పుతారు. మన దగ్గర ఆ రంగు ఉంటే, అది ఎంత చిన్నదైనా, దాంతో కొట్టి పట్టు లాక్కోవచ్చు. అడక్కుండా వేస్తే మాత్రం అది ఉత్త ముక్కే. మా ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. తురుపు చూపించమని అడిగి, తీరా చూస్తే తన దగ్గర ఆ రంగు లేకపోతే అడిగినవాళ్ళు ఒక చింతగింజ పోగొట్టుకోవాలి. అది బాపు పెట్టిన కట్టుబాటు. తెలియకుండా నోరు తెరవడం బాపుకు నచ్చేది కాదు.

నేనూ అత్తా ఒక జట్టు. బాపూ మాస్టారూ ఒక జట్టు. మాస్టారంటే మా ముందు గదిలో కిరాయికుండే లెక్కల మాస్టారు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చినాయన, ఓడిపోతున్నా "మీ చెయ్యి బాగుందండీ" అనేవాడు. బాపు పదిహేడు దాటి పాడేవాడు కాదు. చేతిలో రెండు జాకీలున్నా సరే, పదిహేడు అని ఆగి, బీడీ చివర చూసుకునేవాడు. నేను అందుకు పూర్తిగా విరుద్ధం. ఒక్క జాకీ కనబడితే చాలు, ఇరవై అనేదాన్ని, ఓడేదాన్ని. అత్త కోప్పడేది కాదు. "పాడుడంటే గొంతుతోటి గాదే, ఎదురుంగ కూసున్నదాని మీద భరోసతోటి" అనేది. నాకు ఆ భరోసా చాలక ఒక దొంగపని మొదలుపెట్టాను. చెవి పట్టుకుంటే కళావరు, ముక్కు గోక్కుంటే ఇస్పేటు, జడ లాక్కుంటే ఆఠీను, గాజులు సవరించుకుంటే డైమను. అత్త రెండు రోజులు నవ్వుకుంటూ సాగనిచ్చింది. మూడో రోజు బాపు కనిపెట్టాడు. అరవలేదు. ముక్కలు కింద పెట్టి, తన చెవి, ముక్కు, నెత్తి, మణికట్టు వరసగా తాకి చూపించి, ఇంకోసారి ఇట్ల చేస్తే ఆట బందు అన్నాడు. ఆ రోజంతా నేను సిగ్గుతో అన్నం తినలేదు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఒక రోజు, ఎండ ఇంకా నెత్తి మీద ఉండగానే, నర్సింలు మామ వచ్చాడు. లారీలో రాలేదు, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. గడ్డం సగం నెరిసింది. బాపు గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు. మామ అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ చల్ల ఇచ్చింది, అది కూడా బాపు వైపు చూసి చూసి. లోపల బాపు అమ్మతో తన నిర్ణయం చెప్పేశాడు. రెండున్నరేళ్ళు పెళ్ళాం బతికుందో చచ్చిందో అడగనివాడితో పంపేది లేదు, ఆరు గంటల బస్సుకు ఎట్ల వచ్చిండో అట్లనే పోతడు అని. అత్త పొయ్యి దగ్గర నిలబడి అంతా వింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. బాపు పంపడు. అత్త నాతోనే ఉంటుంది.

ఆ రోజు కట్టలు కట్టడం అయ్యాక అత్త రోజూలాగే చాప పరిచింది, పేక తెచ్చింది. తర్వాత వసారా తలుపు బార్లా తెరిచి, ఎవరి మొహమూ చూడకుండా, "నలుగురం గావాలె. సుగుణా, నువ్వు జర లే, ఆయన కూసుంటడు" అంది. మాస్టారు ఇబ్బందిగా కదిలాడు. బాపు చేతిలో మిగిలిన నార పోగులు చుట్టచుట్టి పక్కన పెట్టాడు. చివరికి, "ఒక్క ఆట. ఆట అయినంక బస్సు" అన్నాడు. నేను లేచాను. నా చోట, అత్తకు ఎదురుగా మామ కాలు చాపుకుని కూర్చున్నాడు.

రెండున్నరేళ్ళ తర్వాత ఆ మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్న మొదటి మాటలు అంకెలు. పదిహేను అని ఆయన, పదహారు అని ఈమె. కానీ నేను చూస్తుండగానే ఒక సంగతి జరిగింది. అత్త కదలడం లేదు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, హారన్లు కొడుతున్నాయి, ఆమె తల తిప్పలేదు. మామ ఏ ముక్క వేస్తాడో ముందే తెలిసినట్టు తన ముక్క సిద్ధంగా పెట్టుకునేది. ఆయన కూడా ఆమె వేసినదాన్ని బట్టి ఆమె చేతిలో ఇంకేముందో చదువుతున్నాడు. నాతో రెండేళ్ళు ఆడింది, నాతో ఎప్పుడూ అలా ఆడలేదు. ఒకసారి నీళ్ళ చెంబు తెచ్చాను, ఒకసారి పోకచెక్కలు తెచ్చాను, ఎవరూ అడక్కపోయినా చాప చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

గింజలు సరిసమానంగా వచ్చి, చివరి పంపకం మిగిలింది. మాస్టారు పంచాడు. మామ పద్దెనిమిది పాడాడు. బాపు, పదిహేడు దాటని బాపు, "ఇరవై" అన్నాడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అత్త తన నాలుగు ముక్కలూ మూసి, "ఇరవై నాలుగు" అంది. అంటే బాపు జట్టుకు ఐదు పాయింట్లు పడినా అత్త జట్టు ఓడినట్టే. అంతటి పాట మా వసారాలో అదివరకు ఎవరూ పాడలేదు. ఒక ముక్క తీసి చాప అంచు కింద బోర్లా పెట్టింది. మిగతా ముక్కలు పంచాక, ఎందుకో అనుమానం వచ్చినట్టు, అంచు లేపి ఒకసారి చూసుకుంది. నేను ఆమె వెనకాలే చెంబుతో నిలబడి ఉన్నాను. కళావరు ఆసు.

చెంబు పట్టుకుని బాపు వెనక్కి వెళ్ళాను. బాపు చేతిలో రెండు కళావర్లున్నాయి, పదీ ఎనిమిదీ. ఆఠీను ఒక్కటీ లేదు. తిరిగి అత్త వెనక్కి వచ్చి నిలబడ్డాను, బాపుకు ఎదురుగా కనబడేలా. రెండు పట్టులు బాపు జట్టుకు వచ్చాయి, అందులో పాయింట్లు రెండే. మూడో పట్టు గెలిచిన అత్త, గెలిచినవాళ్ళే ముందు వెయ్యాలి కాబట్టి, ఆఠీను జాకీ వేసింది. ఆఠీను పది తప్ప ఇంకో ఆఠీను లేక మాస్టారు అదే వేశాడు. మామ తన ఆఠీను తొమ్మిది అత్త జాకీ మీద ఆనించాడు. చాప మీద ఆరు పాయింట్లున్నాయి. ఇక వెయ్యాల్సింది బాపు ఒక్కడే. తురుపు చూపించమని అడిగి ఆ చిన్న ఎనిమిదితో కొట్టినా చాలు, పాట విరిగిపోతుంది, మామ ఆరు గంటల బస్సెక్కుతాడు. బాపు తల ఎత్తాడు. నేను చెవి పట్టుకున్నాను.

బాపు చూశాడు. నా చెవి వైపు చూశాడు, తర్వాత అత్త మొహం వైపు చూశాడు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. వదిలితే ఏమవుతుందో అన్నట్టు పట్టుకున్నాను. బాపు చేతిలోంచి ఒక ముక్క తీసి చాప మీద వేశాడు. డైమను ఏడు. ఏమీ అడగలేదు. ఆ పట్టు అత్తకు వెళ్ళిపోయింది, వెనకాలే ఆటా వెళ్ళిపోయింది. బాపు తన ముక్కలు ఎవరికీ చూపించకుండా మిగతావాటిలో కలిపేశాడు. తర్వాత బీడీ వెలిగించుకుని, మామ వచ్చినప్పటి నుంచీ మొదటిసారి ఆయన మొహంలోకి చూసి, "కాలు ఎట్ల విరిగింది బావా?" అని అడిగాడు.

మామ చెప్పాడు. ఘాట్ దిగుతుంటే లారీ బోల్తా పడింది. ఏడు నెలలు దవాఖానలో మంచం మీదున్నాడు. కాలు వంకరగా అతికింది, ఇక లారీ ఇచ్చేవాళ్ళు లేరు. ఒక షెడ్డులో టైర్లు బాగుచేసే పనికి కుదిరాడు. "రాద్దామనే అనుకున్న. ఏమని రాయాలె? కుంటోన్నైన, వచ్చి చూడమనా?" అన్నాడు. బాపు అమ్మను పిలిచి బియ్యం ఎక్కువ పొయ్యమన్నాడు. మూడో రోజు పొద్దున అత్త తన ట్రంకుపెట్టెతో మామ వెంట వెళ్ళిపోయింది. బాపు బస్టాండు దాకా వెళ్ళి సాగనంపాడు. నేను కొట్టంలో దాక్కున్నాను. అత్త నా పేరు పిలవడం వినబడుతున్నా బయటికి రాలేదు.

ఆరాంఘర్ దగ్గర రోడ్డు పక్కన మామ టైర్ల షాపు పెట్టాడు. వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. సుఖపడ్డారా అంటే పడ్డారు, కష్టపడ్డారా అంటే అదీ పడ్డారు. మామ ఉండి ఉండి పది రోజులు ఎటో వెళ్ళిపోయి వచ్చేవాడు. ఆరేళ్ళ క్రితం పోయాడు. మా వసారాలో మళ్ళీ ఎన్నడూ చాప పరవలేదు. నన్ను మాత్రం ఒక ప్రశ్న వదల్లేదు. బాపు ఎందుకు అడగలేదు? దొంగసైగ మీద ఆడడం ఇష్టం లేక తన తోబుట్టువును పోగొట్టుకున్నాడా? లేక పంపాలనే వదిలేశాడా? మొదటిదైతే, అత్త పడ్డ ప్రతి కష్టానికీ కారణం నా చెయ్యే. నేను చెవి పట్టుకోకుండా ఉంటే బాపు తనంతట తానే అడిగేవాడేమో. బడిలో పాఠం చెబుతూ, వంట చేస్తూ, బస్సులో వెళుతూ ఈ లెక్క నేను ఎన్ని వేలసార్లు వేశానో. ఒక్కసారీ తేలలేదు.

మొన్న బడంగ్‌పేట్‌లో, కుర్చీలోంచి నాలుగోసారి లేవబోతూ, అడిగేశాను. అత్త ముక్కలు తడమడం ఆపింది. "నువ్వు నా వెనకాల ఉంటివి, నిన్ను నేను చూడలే. బస్టాండుల మీ బాపే చెప్పిండు" అంది. ఆయన అన్న మాటలు అన్నట్టే అప్పజెప్పింది. "మణీ, నా చేతుల రెండు కళావర్లుండె. పిల్ల చెవి పట్టుకోకముందే నాకు తెల్సు, నువ్వు పెట్టింది కళావరని. ఆపేటోన్నే, ఆపలే. నువ్వు గట్ల కుదురుగ కూసునుడు నేను రెండేండ్ల సంది చూడలే. గందుకే ఆపలే. రేపు నీకు బాగలేకపోతే తప్పు నీదొక్కదాందే గాదు, నాది గూడ. ఎవ్వర్ని అడగకు. తలుపు తీసుకోని ఇంట్లకు రా."

ఆ మాట పట్టుకుని ఒకసారి వచ్చిందట అత్త. మామ చెప్పకుండా వెళ్ళిపోయి పన్నెండు రోజులైనప్పుడు, బిడ్డను చంకనెత్తుకుని శంషాబాద్ బస్టాండు దాకా వచ్చింది. మా ఊరి వైపు వెళ్ళే బస్సులు రెండు పోయేదాకా నిలబడి, మళ్ళీ ఆరాంఘర్ బస్సే ఎక్కింది. "ఇల్లున్నదని మతికొచ్చింది. ఇగ పోవాల్సిన పనేమున్నది?" అంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. వసారా, కొట్టం, ఆకుకూరల మళ్ళు అన్నీ ఎయిర్‌పోర్టు గోడ లోపలికి వెళ్ళిపోయాయి. అటుగా వెళ్ళినప్పుడల్లా కారులోంచి మెడ తిప్పి, ఇదిగో ఇక్కడ, కాదు అక్కడ అనుకుంటాను. ఇప్పుడు అత్తాపూర్‌లో నాకు మూడు గదుల ఫ్లాటుంది. వచ్చేవాళ్ళు ముందు ఫోన్ చేస్తారు, కింద వాచ్‌మన్ దగ్గర పేరు రాస్తారు, నేను తలుపు కంతలోంచి చూసి తీస్తాను. బాపుకున్నది మట్టిగోడల ఇల్లు, ఆ తలుపుకు గడియ కూడా సరిగ్గా పడేది కాదు. కానీ ఎక్కడో ఆరాంఘర్‌లో ఉన్న మనిషిని అది అంతకాలం నిలబెట్టింది. నా ఇల్లు ఎవరినైనా అలా నిలబెడుతోందా అంటే, ఏమో, చెప్పలేను.

"నేను దొంగపని చేసిన అత్తా" అన్నాను. బడిలో ముప్ఫై ఏళ్ళు నేర్పిన భాష ఎటు పోయిందో, ఆ ఇంటి మాటే వచ్చింది నోటికి. "నిన్ను పోనియ్యద్దని చేసిన."

అత్త నల్లద్దాలు నా వైపు తిప్పింది. "మీ బాపు ధైర్యం చెప్పి తోలిండు. మీ అమ్మ జొన్నరొట్టెలు మూట గట్టిచ్చింది. మాస్టారు దీవించిండు. అందరు నన్ను మంచిగ సాగనంపిండ్రు బిడ్డా. ఉండుమన్నది నువ్వొక్కదానివే. గా చెవి సంగతి మీ బాపు చెప్పంగనే ఏడుపొచ్చింది. బస్సు దిగేదాక ఏడుస్తనే ఉన్న."

కంట్లో చుక్కలు వేసే వేళైందని ఆమె కూతురు సీసా తెచ్చింది. నేనే తీసుకుని వేశాను. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకునే ఉండాలని చెప్పి, మంచం అంచున కూర్చుని అత్త చెయ్యి పట్టుకున్నాను. ఐదు నిమిషాలు దాటిపోయాయి. ఇద్దరం కదల్లేదు.